పైకెక్కేటప్పుడు సిలిండర్లు వేడెక్కుతుంటే ఇన్‌లెట్ కోసేముందు చూడాల్సినవి

ప్రశ్న క్లుప్తంగా ఇది. సొంతంగా కట్టుకున్న రెండు సీట్ల విమానం, 160 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-320 ఇంజన్, స్పిన్నర్‌కు (ప్రొపెల్లర్ మధ్యనుండే శంకువులాంటి మూత) చెరోపక్క ఒక ఇన్‌లెట్ (చల్లగాలి లోపలికొచ్చే రంధ్రం), వేడిగాలి ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ) అడుగు నుంచి బయటికి. 75 నాట్ల వేగంతో పైకెక్కుతుంటే 3వ సిలిండర్ హెడ్ 230 డిగ్రీల సెల్సియస్ దాటుతోంది, మిగతా మూడూ 210 నుంచి 215 మధ్య, ఆయిల్ 110. ఇన్‌లెట్లు పెద్దవి చేస్తే తగ్గుతుందా?

ఇప్పుడే ముట్టుకోకండి. ఇన్‌లెట్ చిన్నదవడం వల్ల వేడెక్కే ఇంజన్లు చాలా తక్కువ. లోపలికొచ్చిన గాలి ఫిన్‌ల (సిలిండర్ చుట్టూ వేడి వదిలే సన్నటి రెక్కలు) మధ్యనుంచి కాకుండా సందుల్లోంచి జారిపోవడం, లేదా కింద పోగై బయటికి పోలేకపోవడం, ఈ రెండే ఎక్కువ. అడుగున చిల్లు ఉన్న కుండకు మూతి వెడల్పు చేసి లాభం లేదు. పైగా కోసిన కౌల్‌ను, అంటే ఇంజన్ మీది ఫైబర్‌గ్లాస్ తొడుగును, మళ్లీ పూడ్చడం ఎంత విసుగు పనో చేసినవాళ్లకు తెలుసు.

మీ అంకెల సంగతి ముందు. లైకమింగ్ ఈ ఇంజన్‌కు హెడ్ ఉష్ణోగ్రత గరిష్ఠ పరిమితి 260 డిగ్రీలు (500 ఫారన్‌హీట్) అని పెట్టింది. అదే కంపెనీ, ఇంజన్ ఎక్కువకాలం మన్నాలంటే గట్టి క్రూయిజ్‌లో (ఎత్తు మారకుండా ఎక్కువ పవర్‌తో సాగేటప్పుడు) 224 లోపు, పొదుపు క్రూయిజ్‌లో 205 లోపు ఉంచమంటుంది. హెడ్ అల్యూమినియం పోత, 200 దాటాక దాని బలం వేగంగా పడిపోతుంది. కాబట్టి 230 అంటే ఈరోజే ప్రమాదమని కాదు, అలా నడుపుతూ పోకూడదని. ఆయిల్ పరిమితి 118, మీది 110. అదీ అంచుకు దగ్గరే. హెడ్‌లూ ఆయిలూ రెండూ వేడిగా ఉన్నాయంటే మొత్తంగా గాలి తక్కువ పోతోందని అనుమానం. 3వది ఒక్కటే 15 డిగ్రీలు ఎక్కువంటే దానికి వేరే కారణం కూడా ఉంది. ఈ రెండు సమస్యల్నీ విడిగా చూడండి.

కొత్త ఇంజనో, కొత్త సిలిండర్లో అయితే ఇదంతా కొంచెం ఆపండి. రింగులు సర్దుకునేదాకా రాపిడి వల్ల హెడ్‌లు వేడిగానే ఉంటాయి, సర్దుకున్నాక స్పష్టంగా దిగుతాయి. ఆ దిగడం చూశాకే కొలతలు మొదలుపెట్టండి.

రేకుపని కంటే ముందు పైసా ఖర్చులేని పనులున్నాయి. మొదటిది సెన్సర్. 3వ, 4వ సిలిండర్ల ప్రోబ్‌లు (హెడ్ వేడి కొలిచే సెన్సర్లు) అటూ ఇటూ మార్చి ఎగరండి. వేడి ప్రోబ్‌తో పాటే మారితే తప్పు ప్రోబ్‌ది, సిలిండర్‌ది కాదు. ప్రోబ్‌ను మరిగే నీళ్లలో ముంచితే సముద్రమట్టం దగ్గర 100 చూపాలి. ప్రోబ్ నుంచి మీటర్‌కు పోయే థర్మోకపుల్ (రెండు వేర్వేరు లోహాల) తీగ చాలక మధ్యలో మామూలు రాగి తీగ అతికిస్తే రీడింగ్ తప్పుతుంది. అతుకు కౌల్ లోపల 70 డిగ్రీల చోట, మీటర్ క్యాబిన్‌లో 30 డిగ్రీల చోట ఉంటే, అసలు కంటే 40 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. తక్కువ చూపే తప్పే ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని ఎవరూ వెతకరు. స్పార్క్ ప్లగ్ కింద వాషర్‌లా పెట్టే ప్రోబ్ రీడింగ్‌నూ, హెడ్ గుంటలో దూర్చే ప్రోబ్ రీడింగ్‌నూ పోల్చవద్దు. పరిమితులు గుంటలోని ప్రోబ్‌కు చెప్పినవి.

రెండోది ఇంధనం. పూర్తి థ్రాటిల్, పూర్తి రిచ్ మిక్స్చర్‌లో (గాలిలో ఇంధనం పాలు అత్యధికంగా ఉన్నప్పుడు) ఈ ఇంజన్ హార్స్‌పవర్‌కు గంటకు దాదాపు అర పౌండు తాగాలి. 160 హార్స్‌పవర్‌కు 80 పౌండ్లు, అంటే గంటకు సుమారు 50 లీటర్లు. 180 హార్స్‌పవర్ ఓ-360 అయితే 57. టేకాఫ్‌లో ఫ్లో మీటర్ 44 లీటర్లే చూపిస్తుంటే బాఫిల్ రేకులతో (గాలిని ఫిన్‌ల వైపు మళ్లించే అడ్డురేకులు) కుస్తీ పట్టి ప్రయోజనం లేదు. కార్బ్యురేటర్ మెయిన్ జెట్, మిక్స్చర్ లివర్ చివరిదాకా వెళ్తోందా, థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటోందా చూడండి. చాలా కార్బ్యురేటర్లలో థ్రాటిల్ చివరి భాగంలోనే అదనపు ఇంధనం వచ్చే ఏర్పాటు ఉంటుంది. కేబుల్ పొట్టిగా సర్దితే అది తెరుచుకోదు. అందుకే "ఇంజన్‌కు శ్రమ తగ్గిద్దాం" అని థ్రాటిల్ కాస్త వెనక్కి లాగితే ఒక్కోసారి హెడ్‌లు ఇంకా వేడెక్కుతాయి. ఒక్క సిలిండర్ మాత్రమే లీన్‌గా (ఇంధనం తక్కువై) నడుస్తుంటే దాని ఇన్‌టేక్ గొట్టం గాస్కెట్‌నో, రబ్బరు జాయింట్‌నో అనుమానించండి. వాక్యూమ్ క్లీనర్ వెనక్కి ఊదేలా పెట్టి ఇన్‌టేక్‌లోకి గాలి పంపి, జాయింట్ల మీద సబ్బునీళ్లు రాస్తే బుడగలు చోటు చెప్పేస్తాయి.

మూడోది ఇగ్నిషన్ టైమింగ్. ఓ-320 రకాల్లో ఎక్కువవాటికి 25 డిగ్రీలు, అంటే పిస్టన్ పైకొసకు చేరడానికి క్రాంక్ ఇంకా అంత తిరగాల్సి ఉండగానే స్పార్క్ పడాలి. మీ ఇంజన్ డేటా ప్లేట్ మీద ఉన్నదే లెక్క. రెండు డిగ్రీలు ముందుకు జరిగినా హెడ్‌లలో తేడా కనబడుతుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకుంటే, అది పైకెక్కేటప్పుడు ఎంత అడ్వాన్స్ ఇస్తోందో (స్పార్క్‌ను ఎంత ముందుకు జరుపుతోందో) తప్పక చూడండి. క్రూయిజ్‌లో మైలేజీ కోసం పెట్టిన కర్వ్ పూర్తి పవర్ దగ్గర హెడ్‌లను కాల్చేస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు గాలి దగ్గరికి రండి. సిలిండర్ల పైన ఒక గది, కింద ఒక గది ఉన్నట్టు ఊహించుకోండి. పై గదిలో ఒత్తిడి ఎక్కువ, కింది గదిలో తక్కువ. ఆ తేడాయే గాలిని ఫిన్‌ల సందుల్లోంచి నెడుతుంది, ఇన్‌లెట్ సైజు కాదు. ఈ తేడాను నీటిమట్టం అంగుళాల్లో కొలుస్తారు, ఒక అంగుళం దాదాపు 249 పాస్కల్స్. నాలుగు సిలిండర్ల లైకమింగ్‌లకు పూర్తి పవర్ దగ్గర 5 నుంచి 6 అంగుళాలుంటే నిశ్చింత. ఇక్కడే మీ 75 నాట్ల సంగతి వస్తుంది. సముద్రమట్టం దగ్గర 75 నాట్ల వేగంలో గాలి ఇవ్వగల మొత్తం ఒత్తిడి 3.7 అంగుళాలే. 90 నాట్ల దగ్గర 5.3, 100 దగ్గర 6.5. ప్రొపెల్లర్ గాలి కొంత కలుపుతుంది కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. స్పిన్నర్ పక్కన బ్లేడు మొదలు గుండ్రంగా, లావుగా ఉంటుంది, అక్కడ అది నెట్టేది తక్కువ. కాబట్టి అడ్డంకులు దాటాక 90 నాట్లకు ముక్కు దించి ఎక్కండి. వేగం అయిదో వంతు పెరిగితే ఒత్తిడి 44 శాతం పెరుగుతుంది. ఏ రేకూ అంత మార్పు ఒక్కసారిగా తీసుకురాదు.

కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఒక పాత ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ చాలు, అది చూపేది ఒత్తిడి తేడానే. విమానంలో ఉన్నదాన్ని మాత్రం విప్పకండి. 6 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టం 30 సెంటీమీటర్ల ముక్కలు రెండు తీసుకుని, ఒక చివర నొక్కి మూసేసి, పక్కల వెంట 25 మిల్లీమీటర్లకొకటి చొప్పున ఒక మిల్లీమీటరు రంధ్రాలు వేయండి. ఒకటి పై గదిలో, ఇన్‌లెట్ గాలి నేరుగా తగలని చోట, సిలిండర్ల మీదుగా కట్టండి. రెండోది కింది గదిలో, ఎగ్జాస్ట్ గొట్టాలకు దూరంగా. రంధ్రాలు గాలి వచ్చే దిశకు ఎదురుగా ఉండకూడదు, ఉంటే గాలి వేగం కూడా రీడింగ్‌లో కలిసిపోతుంది. కౌల్ లోపల సిలికాన్ ట్యూబే వాడండి, ఫైర్‌వాల్ దాటేచోట లోహపు ఫిట్టింగ్ పెట్టండి. పై గది ట్యూబ్ ఇండికేటర్ పిటో వైపు (ఎదురుగాలి ఒత్తిడి తీసుకునే రంధ్రం), కింది గది ట్యూబ్ స్టాటిక్ వైపు (బయటి నిశ్చల గాలి ఒత్తిడి తీసుకునే రంధ్రం). ముల్లు 70 నాట్లు చూపితే తేడా 3.2 అంగుళాలు, 80 అయితే 4.2.

అక్కడితో ఆగితే సగమే తెలుస్తుంది. పై గదిని విమానం స్టాటిక్ లైన్‌తో ఒకసారి, కింది గదిని స్టాటిక్‌తో మరోసారి పోల్చండి. క్యాబిన్ గాలిని స్టాటిక్ అనుకోవద్దు, రెండింటికీ తేడా ఉంటుంది. స్టాటిక్ లైన్‌కు టీ (మూడు దారుల జాయింట్) పెడితే ఎగిరే ముందు లీక్ పరీక్ష చేయండి. పై గదిలో ఒత్తిడి, ఆ వేగానికి రావాల్సినదానిలో 80 శాతం పైన ఉంటే ఇన్‌లెట్ తన పని తాను చేస్తోంది, దాని జోలికి పోవద్దు. కింది గదిలో ఒత్తిడి స్టాటిక్ కంటే బాగా ఎక్కువుంటే గాలి బయటికి పోలేక నిలబడిపోతోంది. పై గదిలో తక్కువ ఉంటే ముందు లీకులు, ఆ తర్వాతే ఇన్‌లెట్. తేడా బాగానే ఉండి కూడా హెడ్‌లు కాలుతుంటే గాలి ఫిన్‌లకు తగలడం లేదు, లేదా పైన చెప్పిన ఇంధనం, టైమింగ్ మళ్లీ చూడాలి. కింది గది స్టాటిక్ కంటే తక్కువైతే ముల్లు సున్నా దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు ట్యూబ్‌లు తిప్పి పెట్టండి. అది మంచి వార్తే.

లీకుల లెక్క ఒకసారి వేసి చూడండి. బాఫిల్ రేకుల చుట్టూ రబ్బరు పట్టీ మొత్తం పొడవు రెండున్నర మీటర్లు ఉంటుందనుకుందాం. అంతటా సగటున 2 మిల్లీమీటర్ల సందున్నా 50 చదరపు సెంటీమీటర్ల రంధ్రం అవుతుంది. రెండు ఇన్‌లెట్లూ కలిపి 300 ఉంటే అందులో ఆరో వంతు. ఫిన్‌ల మధ్య గాలికి దొరికే దారి ఇన్‌లెట్ కంటే కూడా ఇరుకు, పైగా రాపిడి ఎక్కువ, కాబట్టి గాలి సందునే ఎంచుకుంటుంది. లీకైన గాలి రెండు విధాల చెరుపు చేస్తుంది. పై గదిలో ఒత్తిడి దించుతుంది, కింది గదిలో పెంచుతుంది.

నేలమీద బాగా ఆనుకున్నట్టు కనిపించే పట్టీ ఎగిరేటప్పుడు ఆనకపోవచ్చు. 100 నాట్ల దగ్గర పై గదిలో 1,600 పాస్కల్స్ వరకు వస్తాయి. పై కౌల్ విస్తీర్ణం అర చదరపు మీటరైతే దాన్ని లోపలినుంచి పైకి నెట్టే బలం 80 కిలోల బరువుకు సమానం. ఫాస్టెనర్ల మధ్య కౌల్ ఉబ్బుతుంది, పట్టీ అంచు దాటి లేస్తుంది. కౌల్ లోపలి పెయింట్ మీద పట్టీ రాసుకున్న నల్లటి గీత కోసం చూడండి. ఆ గీత తెగిపోయిన ప్రతిచోటా లీకుంది. చీకట్లో కౌల్ బిగించి, కింద దీపం పెట్టి ఇన్‌లెట్లోంచి చూస్తే మిగతావి దొరుకుతాయి.

పట్టీకి బట్ట పొర ఉన్న సిలికాన్ రబ్బరు, 2.4 లేదా 3.2 మిల్లీమీటర్ల మందం. నియోప్రీన్ చవక, కానీ ఆ వేడికి కొన్నాళ్లకు గట్టిపడి వంగడం మానేస్తుంది. బాఫిల్ రేకు అంచుకూ కౌల్‌కూ మధ్య 10 నుంచి 12 మిల్లీమీటర్లు వదలాలి. ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు అంత ఊగుతుంది. ఆ దూరం కొలవడానికి రేకు అంచుకు వరసగా పేపర్ క్లిప్పులు పైకి పొడుచుకొచ్చేలా తొడిగి కౌల్ మూయండి. కౌల్ వాటిని కిందికి నెట్టి సరిగ్గా తన ఆకారం గీసిపెడుతుంది. పట్టీ ఎప్పుడూ పై గది లోపలి వైపు వంగి ఉండాలి, అప్పుడే ఒత్తిడి దాన్ని కౌల్‌కు నొక్కుతుంది. వెనక్కి వంగితే అదే ఒత్తిడి దాన్ని తెరుస్తుంది. మూలల దగ్గర ఒక్క ముక్కను మడిస్తే ముడత పడి రంధ్రం మిగులుతుంది. ముక్కలుగా కోసి ఒకదానిమీద ఒకటి ఎక్కించండి. రివెట్ల కింద సన్నటి అల్యూమినియం పట్టీ వేయకపోతే రబ్బరు రివెట్ల మధ్య అలలుగా లేస్తుంది.

ఎక్కువమంది మరిచేది ముందు భాగం. స్పిన్నర్ వెనక, స్టార్టర్ పళ్లచక్రం చుట్టూ, ఇన్‌లెట్ అడుగునుంచి మొదటి బాఫిల్ రేకు దాకా పై గదికి సరైన మూత ఉండదు. అక్కడినుంచి గాలి నేరుగా కింది గదికి దిగుతుంది, లేదా స్పిన్నర్ సందులోంచి ముందుకే వచ్చేస్తుంది. ఆ తర్వాత రేకులు క్రాంక్‌కేస్‌ను తాకే మూలలు, ఇంజన్ మౌంట్ గొట్టాల చుట్టూ కోతలు, తీగలు దాటే రంధ్రాలు. వీటిని వేడికి తట్టుకునే సిలికాన్ సీలెంట్‌తో నింపండి, ముందు ఆయిల్ జిడ్డు పూర్తిగా తుడిచి. వెనిగర్ వాసన వచ్చే రకం లోహాన్ని తింటుంది, అది వద్దు. మాగ్నెటోలకు (స్పార్క్ కరెంటు పుట్టించేవి) పోయే చల్లగాలి గొట్టం 16 మిల్లీమీటర్లు చాలు. క్యాబిన్ హీటర్‌కు పోయే 50 మిల్లీమీటర్ల గొట్టం మాత్రం హీటర్ ఆపినప్పుడు తన గాలినంతా కింది గదిలోనే వదులుతుంది. వేసవిలో దాని మూతి పై గది దగ్గరే మూసేయండి.

ఇప్పుడు మీ 3వ సిలిండర్. లైకమింగ్‌లో కుడివైపు ముందు 1, వెనక 3, ఎడమవైపు ముందు 2, వెనక 4. అన్ని సిలిండర్లూ ఒకే పోత. కుడిపక్క, ఎడమపక్క తిప్పి బిగించడం వల్ల, ఫిన్‌లు పొట్టిగా ఉండే ముఖం కుడివైపు వెనక్కీ, ఎడమవైపు ముందుకూ వస్తుంది. 1, 4లకు ఆ ముఖం పక్క సిలిండర్‌ను చూస్తుంది, మధ్య సందులోని గాలి దానికి అందుతుంది. 3వదాని వెనక, 2వదాని ముందు మాత్రం చదునైన బాఫిల్ రేకు నేరుగా వచ్చి ఆనుతుంది. పొట్టి ఫిన్‌ల మధ్య గాలికి దారే ఉండదు. అక్కడ రేకు మీద ఫిన్‌ల ఎత్తంతా కవరయ్యేలా ఒక కోత పెట్టి, దాని వెనక పైనా కిందా తెరిచి ఉన్న సన్నటి ఉబ్బు రేకు అతికిస్తే, గాలి పైనుంచి దిగి ఫిన్‌లను రాసుకుంటూ అడుగున బయటపడుతుంది. 6 మిల్లీమీటర్ల లోతు చాలు, అంతకంటే ఎక్కువైతే అదే ఒక లీకు. ముందు ప్రయత్నంగా రేకుకూ హెడ్‌కూ మధ్య రెండు వాషర్లు పెట్టి 3 మిల్లీమీటర్లు జరిపి ఎగరండి. మీది ఈ సమస్యే అయితే ఆ ఒక్క ఎగురుడులో తెలిసిపోతుంది.

అప్పుడే సిలిండర్ల అడుగు కూడా చూడండి. రెండు సిలిండర్ల మధ్య కింద ఇమిడే చిన్న రేకు ఒకటి ఉంటుంది, రిపేరు తర్వాత దాన్ని తిరిగి పెట్టడం మరిచిపోవడం మామూలే. అది లేకపోతే గాలి ఫిన్‌ల చుట్టూ తిరగకుండా నిటారుగా కిందికి పడిపోతుంది, సిలిండర్ అడుగు సగానికి గాలి అందదు. చుట్టురేకు ఫిన్‌ల చివరలను తాకుతూ ఉండాలి. ఫిన్‌ల మధ్య పోత మిగిల్చిన పలుచటి పొరలు ఉంటే సన్నటి ఆకురాయితో తీసేయండి. ఒక టార్చ్ కింద పెట్టి పైనుంచి చూస్తే వెలుగు రాని సందులు కనబడతాయి. ఫిన్ మొదలును మాత్రం గీకకండి, గీత పడినచోటే పగులు మొదలవుతుంది.

1, 2 సిలిండర్ల ముందు నిలబెట్టే పొట్టి అడ్డురేకులు ముందువాటికీ వెనకవాటికీ గాలి పంచుతాయి. ముందువి వేడిగా, వెనకవి చల్లగా ఉంటే వాటి ఎత్తు 6 మిల్లీమీటర్ల చొప్పున తగ్గించండి. ఎక్కువ తెగితే అల్యూమినియం టేపుతో తిరిగి పెంచి చూడవచ్చు.

బయటికి పోయే దారి సంగతి. గాలి 30 డిగ్రీల దగ్గర లోపలికొచ్చి 85 దగ్గర బయటికి పోతే దాని పరిమాణం 18 శాతం పెరుగుతుంది. ఒత్తిడి పోగొట్టుకుని నెమ్మదిగా పోతుంది కాబట్టి దారి ఇంకా కావాలి. అందుకే నిష్క్రమణ మార్గం ఇన్‌లెట్ కంటే మూడో వంతు వరకు ఎక్కువ పెడతారు. కొలిచేటప్పుడు ఎగ్జాస్ట్ గొట్టాలు ఆక్రమించే చోటు తీసేయండి. 45 మిల్లీమీటర్ల గొట్టాలు రెండంటే 32 చదరపు సెంటీమీటర్లు పోయినట్టే. ఫైర్‌వాల్ అడుగున పదునైన మూల ఉంటే గాలి అక్కడ సుడి తిరిగి సగం దారి మూస్తుంది. 75 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో ఒంపు తిరిగిన రేకు బిగిస్తే, కౌల్ ముట్టుకోకుండానే దారి పెరిగినట్టు ఉంటుంది. అదీ చాలకపోతే నిష్క్రమణ అంచున 25 నుంచి 30 డిగ్రీలు కిందికి వంగే పెదవి, దాని వెనక తక్కువ ఒత్తిడి ఏర్పడి గాలిని లాగుతుంది. క్రూయిజ్‌లో అది వట్టి డ్రాగ్ (గాలి నిరోధం), తెరిచి మూసే ఫ్లాప్ అయితే మేలు.

వీటన్నిటి తర్వాత కూడా పై గదిలో ఒత్తిడి తక్కువే ఉంటే అప్పుడు ఇన్‌లెట్. సైజు కంటే ముందు దాని లోపలి ఆకారం. పెదవి గుండ్రంగా ఉండాలి. లోపల గోడలు ఒక్కోవైపు 7 డిగ్రీలకు మించి తెరుచుకుంటే గాలి గోడ వదిలేసి సుడులు తిరుగుతుంది, వేగం ఒత్తిడిగా మారదు.

ఆయిల్ 110 విషయం. హెడ్‌లు దిగితే అదీ కొంత దిగుతుంది. దిగకపోతే వెర్నాథెర్మ్ (వేడికి సాగి ఆయిల్‌ను కూలర్‌కు మళ్లించే వాల్వు) విప్పి మరిగే నీళ్లలో వేయండి. అది 85 దగ్గరే పూర్తిగా సాగాలి. దాని ముక్కు మీద సీటు ముద్ర వలయంగా, తెగకుండా ఉండాలి. తెగితే ఆయిల్ కూలర్‌కు పోకుండానే తిరిగొస్తోంది. కూలర్‌ను ఫిట్టింగ్‌లు కిందికి ఉండేలా బిగిస్తే పైన గాలి చిక్కి ఆ భాగం పనిచేయదు. 100 మిల్లీమీటర్ల గొట్టంతో గాలి తీసుకెళ్తుంటే వంపులు తక్కువుండాలి, కూలర్ ముందు కనీసం గాలి పరుచుకునేంత గూడు ఉండాలి.

పరీక్షలో ఒక్కసారికి ఒక్క మార్పే. అదే బరువు, అదే వేగం, పూర్తి పవర్, 1,000 నుంచి 5,000 అడుగుల దాకా, రన్‌వేకు దగ్గర్లో. బయటి ఉష్ణోగ్రత తేడాను హెడ్ రీడింగ్‌లో డిగ్రీకి డిగ్రీ సర్దండి. చివరకు 38 డిగ్రీల ఎండకు లెక్కవేసి చూడండి. ధృవీకరణ పరీక్షల్లోనూ సముద్రమట్టం దగ్గర అదే అంకె తీసుకుంటారు. ఏ హెడ్ అయినా సెకనుకో డిగ్రీ చొప్పున పరుగెడితే అది కూలింగ్ లోపం కాదు, డిటోనేషనో (ఇంధనం ఒక్కసారిగా పేలడం) ప్రీ-ఇగ్నిషనో (స్పార్క్‌కు ముందే అంటుకోవడం). వెంటనే థ్రాటిల్ తగ్గించి, మిక్స్చర్ పూర్తి రిచ్ చేసి దిగండి.

ఇంత చేశాక చలికాలంలో ఆయిల్ 82 డిగ్రీలకు చేరకపోవచ్చు. చేరకపోతే అందులోని తేమ ఆవిరైపోదు, లోపల తుప్పు పడుతుంది. అప్పుడు కూలర్ ముఖం మీద కొంత భాగం కప్పే రేకు బిగించండి, ఇన్‌లెట్లకు గానీ నిష్క్రమణ మార్గానికి గానీ టేపు వేయకండి.